1955 ఆంధ్ర ఎన్నికలు: ఓట్లు పెరిగాయి, సీట్లు పోయాయి

ఆంధ్ర రాష్ట్రం బతికింది మూడేళ్లు. ఆ మూడేళ్లలో శాసనసభకు ఒకే ఒక్కసారి, 1955 ఫిబ్రవరిలో, ఎన్నికలు జరిగాయి. 196 స్థానాల సభలో కాంగ్రెస్ 119 గెలిచింది. దాని మిత్రులైన కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5 వచ్చాయి. ప్రజా సోషలిస్టులు 13 చోట్ల, స్వతంత్రులు 22 చోట్ల నెగ్గారు. అధికారం తమదేనని నమ్మకంగా బరిలోకి దిగిన కమ్యూనిస్టు పార్టీకి దక్కినవి 15.

ఈ 15 అనే అంకె తెలుగునాట రాజకీయ చర్చల్లో స్థిరపడిపోయింది. కమ్యూనిస్టులను ఆంధ్ర ప్రజలు తిప్పికొట్టారనడానికి ఇదే సాక్ష్యమని ఒక పక్షం డెబ్బై ఏళ్లుగా చెబుతోంది. మోసంతో, డబ్బుతో, దుష్ప్రచారంతో ఓడించారని రెండో పక్షం అంటోంది. ఇద్దరూ దాటవేసే అంకె ఇంకొకటి ఉంది. ఆ ఎన్నికలో కమ్యూనిస్టు పార్టీకి పడిన ఓట్లు 31.13 శాతం. కాంగ్రెస్‌కు వచ్చినవి 39.35 శాతం. లెక్కలో చెప్పాలంటే కాంగ్రెస్‌కు సుమారు 34 లక్షలు, కమ్యూనిస్టులకు సుమారు 27 లక్షలు. ఓట్లలో ఎనిమిది శాతం తేడా సీట్లలో 104 తేడాగా ఎలా మారింది? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబులను ఒకచోట పెట్టి, ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడడమే ఈ వ్యాసం పని.

1952 నాటి నేపథ్యం

1955ను అర్థం చేసుకోవాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1952లో ఆంధ్ర జిల్లాలు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. వయోజన ఓటు హక్కుతో జరిగిన ఆ మొదటి సాధారణ ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతం నుంచి కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. కాంగ్రెస్‌కు దాదాపు అన్నే వచ్చాయి. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి తన బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. నాగిరెడ్డి అప్పటికి జైల్లో ఉన్నారు. మద్రాసు ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా కూడా సొంత నియోజకవర్గంలో ఓడారు.

ఆ విజయం వెనక నిర్బంధ కాలపు కసి ఉంది. 1948 నుంచి కోస్తా జిల్లాల పల్లెల్లో మలబార్ స్పెషల్ పోలీసులు చేసిన దాడులు జనం మరిచిపోలేదు. కృష్ణా జిల్లా కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో 1949లో మగవాళ్లను బట్టలూడదీయించి గాంధీ విగ్రహం దగ్గరికి నడిపించిన ఘటన ఆ జిల్లాలో ఇంటింటికీ తెలిసిన కథ. కమ్యూనిస్టు కాని కుటుంబాలు సైతం ఆ అవమానానికి బ్యాలెట్ పెట్టెలో జవాబు చెప్పాయి.

అయితే ఇంకో కారణం ఉంది. తరువాతి కథకు మూలం అదే. 1952కు ముందు ఆంధ్ర కాంగ్రెస్ నిలువునా చీలింది. టంగుటూరి ప్రకాశం ఒక దారిన వెళ్లి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. ఎన్.జి. రంగా ఇంకో దారిన వెళ్లి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ధాన్యం తూర్పారబట్టే రైతు ఆ పార్టీ గుర్తు. ఒక్క కుదురు నుంచి వచ్చిన మూడు పార్టీలు ఒకే నియోజకవర్గంలో ఒకరి మీద ఒకరు పోటీ చేశాయి. కాంగ్రెస్ ఓటు మూడు ముక్కలైన చోట కమ్యూనిస్టు అభ్యర్థి ముందుకు వచ్చాడు. ఆంధ్ర ప్రాంతంలో ఆ పార్టీకి పడినవి మొత్తం ఓట్లలో ఐదో వంతుకు కొంచెం పైన మాత్రమే. ఆ ఓట్లకు 41 సీట్లు రావడం చీలిక ఇచ్చిన వరం. ఈ సంగతి 1952లో గెలిచినవాళ్లు తగినంతగా గుర్తించలేదు. ఓడినవాళ్లు బాగా గుర్తించారు.

ఎన్నికల తరువాత ప్రకాశం నాయకత్వంలో కమ్యూనిస్టులు సహా ప్రతిపక్షాలన్నీ ఐక్య ప్రజాస్వామ్య ఫ్రంటుగా ఏర్పడి, మెజారిటీ తమదేనన్నాయి. గవర్నరు శ్రీప్రకాశ రాజాజీని పిలిచారు. రాజాజీ ఎన్నికల్లో నిలబడలేదు. మండలికి నామినేట్ అయి ముఖ్యమంత్రి అయ్యారు. జనం ఇచ్చిన తీర్పును తారుమారు చేశారన్న ఆగ్రహం ఆంధ్రలో చాలాకాలం మిగిలింది.

కర్నూలు గుడారాల నుంచి ఒక్క ఓటు దాకా

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేశారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. భవనాలు లేక కచేరీలు గుడారాల్లో నడిచాయి. ముఖ్యమంత్రి ప్రకాశం. నిన్నటిదాకా కాంగ్రెస్‌కు ఎదురు నిలిచిన ఆయన ప్రజా సోషలిస్టు పార్టీ నుంచి బయటికి వచ్చి కాంగ్రెస్ మద్దతుతో ఆ పదవి స్వీకరించారు. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి.

రాజధాని ఎక్కడన్న ప్రశ్న రాష్ట్రం కన్నా ముందే పుట్టింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకునే హక్కు రాయలసీమది. సీమ నాయకులు రాజధాని కోరారు. హైకోర్టు గుంటూరుకు పోయింది. కమ్యూనిస్టులు రాజధాని విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉండాలని పట్టుబట్టారు. విశాలాంధ్ర వస్తే రాజధాని ఎలాగూ హైదరాబాదుకు పోతుందని, అందాకా నడిమధ్యన ఉంటే మంచిదని వాళ్ల వాదం. ఆ వాదంలో తర్కం ఉంది. సీమ ప్రజలకు మాత్రం అది తమకు ఇచ్చిన మాట తప్పడంగా వినిపించింది.

ప్రభుత్వం కూలింది మద్యనిషేధం మీద. నిషేధం అమలు తీరును పరిశీలించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. నిషేధం వల్ల తాటిచెట్టే ఆధారమైన గీత కార్మికులు వీధిన పడ్డారు. వాళ్ల పక్షాన కృషికార్ లోక్ పార్టీ నాయకుడు గౌతు లచ్చన్న పోరాడారు. ప్రకాశం దిగిరాలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. కమ్యూనిస్టులూ కృషికార్లూ ఆ రోజు ఒకే వైపు ఓటేశారు. రాష్ట్రపతి పాలన వచ్చింది. గవర్నరు చందూలాల్ త్రివేది చేతికి పాలన వెళ్లింది. మూడు నెలల్లో ఎన్నికలని తేలింది.

ఆ మూడు నెలల్లోనే ఎన్నికల ఫలితం తయారైంది.

చిన్న పార్టీల చేతిలో తాళం

కాంగ్రెస్ అధిష్ఠానం బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను ఆంధ్రకు పంపింది. ఆయన పని ఒక్కటే: 1952లో చీలిన ముక్కలను కలపడం. నవంబరులో అవిశ్వాసానికి ఓటేసిన కృషికార్లను, పడిపోయిన ప్రకాశం అనుయాయుల ప్రజా పార్టీని ఒకే పందిరి కిందికి తెచ్చారు. ఐక్య కాంగ్రెస్ ఫ్రంట్ ఏర్పడింది. నియోజకవర్గాలు పంచుకున్నారు. ఒకరు నిలబడ్డ చోట ఇంకొకరు నిలబడకూడదన్న నియమం పెట్టుకున్నారు.

ఈ ఒప్పందంలో కాంగ్రెస్ చాలా వదులుకుంది. రెండు నెలల కిందట తమ సర్కారును కూల్చినవాళ్లకు సీట్లు ఇచ్చింది. ఏళ్ల తరబడి రంగాతో తలపడిన జిల్లా నాయకులను ఒప్పించింది. టికెట్టు ఆశించినవాళ్లను కూర్చోబెట్టింది. కమ్యూనిస్టు భయం లేకపోతే ఈ త్యాగాలు జరిగేవి కావు. అధికారం మాదే అన్న కమ్యూనిస్టుల బహిరంగ ధీమాయే ఎదుటివాళ్లను కలిపింది.

బయట మిగిలింది ప్రజా సోషలిస్టు పార్టీ. అది ఫ్రంటులోనూ చేరలేదు, కమ్యూనిస్టులతోనూ కలవలేదు. కమ్యూనిస్టులు దాదాపు ఒంటరిగా మిగిలారు. 1952లో ప్రకాశం పక్కన నిలబడిన పార్టీ మూడేళ్లు తిరగకుండానే ప్రకాశం ఎదుట నిలబడింది.

167 నియోజకవర్గాల్లో 581 మంది అభ్యర్థులు పోటీ చేశారు. సగటున చూస్తే ఒక్కో నియోజకవర్గానికి నలుగురు కూడా లేరు. అందులో 29 ద్విసభ్య నియోజకవర్గాలు కనుక, ఒక్కో సీటుకు ముగ్గురే. రంగంలో జనం తగ్గితే గెలవడానికి కావలసిన ఓట్ల శాతం పెరుగుతుంది. కమ్యూనిస్టుల ఓట్లు పెరిగాయి. గెలుపు గీత అంతకన్నా వేగంగా పైకి లేచింది.

పోలింగ్ గదిలో

ఆనాటి ఓటింగ్ పద్ధతి ఇప్పటి పాఠకులకు కొత్త. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద అతని గుర్తు అంటించి ఉండేది. ఓటరు వేలికి సిరా పెట్టించుకుని, చిన్న బ్యాలెట్ కాగితం తీసుకుని, తెర వెనక్కి వెళ్లాలి. కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు, ముద్ర వేయనక్కర్లేదు. నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేస్తే చాలు. అక్షరం రాని ఓటర్లే ఎక్కువ కాబట్టి ప్రచారమంతా గుర్తుల చుట్టూ తిరిగింది. ఒక పక్క కాడెద్దులు, ఇంకో పక్క కంకి కొడవలి. గోడల మీద, బళ్ల మీద, బుర్రకథ వేదికల మీద ఈ రెండు బొమ్మలే. రైతు ఇంటి ఎద్దులను ఒకరు, రైతుకూలీ చేతి కొడవలిని ఇంకొకరు పట్టుకున్నారు. పల్లెలో ఎవరి ఓటు ఎటో చెప్పడానికి ఈ రెండు బొమ్మలు చాలావరకు సరిపోయేవి.

రెండు సీట్లలో ఒకటి రిజర్వుడు అయిన ద్విసభ్య నియోజకవర్గాల లెక్క వేరు. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకే పెట్టెలో వేయకూడదు. రిజర్వుడు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారు ముందు గెలుస్తారు. మిగిలినవాళ్లందరిలో ఎక్కువ వచ్చినవారికి రెండో సీటు. ఈ నియమం ఎన్ని మలుపులు తిప్పగలదో రెండేళ్ల తరువాత పార్వతీపురం లోక్‌సభ ఎన్నికలో తేలింది. అక్కడ రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్లి, వి.వి. గిరి ఓడిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1961లో ద్విసభ్య పద్ధతినే తీసేశారు. 1955లో ఈ పద్ధతి జంట అభ్యర్థులను నిలబెట్టి, రెండు ఓట్లూ వాళ్లకే పడేలా చెప్పించగల పెద్ద కూటమికి అనువైంది.

ఐదు వివరణలు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ ఓటమికి కారణాలుగా ప్రధానంగా ఐదు చెబుతారు.

మొదటిది మాస్కో, ఆవడి కథ. 1955 జనవరిలో మద్రాసు దగ్గరి ఆవడిలో కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజమే తమ లక్ష్యమని తీర్మానించింది. కమ్యూనిస్టుల నినాదంలో సగం కాంగ్రెస్ నోట వినిపించింది. అదే నెల 26న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని ఆంధ్ర పల్లెల దాకా తీసుకుపోయింది. మీ గురువులే నెహ్రూను పొగుడుతుంటే మీరెందుకు తిడుతున్నారన్న ప్రశ్నకు కమ్యూనిస్టు కార్యకర్త దగ్గర సూటి జవాబు లేదు. ఇది నిజమే. కానీ ఆ ప్రశ్న ఎవరిని కదిలించింది? పత్రిక చదివే మధ్యతరగతిని, పార్టీ అభిమానులైన విద్యావంతులను. పొలంలో పనిచేసే కూలీ ఓటు దానివల్ల మారలేదని పెరిగిన ఓట్లే చెబుతున్నాయి. ఈ వివరణ కార్యకర్తల ఇబ్బందిని చెబుతుంది, ఫలితాన్ని చెప్పదు.

రెండోది పత్రికల వివరణ. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ కమ్యూనిస్టుల మీద అలుపెరగని యుద్ధం చేసింది. నార్ల కలం పదును తెలిసినవాళ్లకు ఆ సంపాదకీయాల బలం వేరే చెప్పనక్కర్లేదు. అవతల విజయవాడ నుంచి 1952లో మొదలైన విశాలాంధ్ర దినపత్రిక ఉంది. శ్రీశ్రీ స్వయంగా కమ్యూనిస్టుల తరఫున ప్రచారానికి దిగారు. ఊళ్లలో గ్రంథాలయాల అరుగుల మీద, హోటళ్ల ముందు ఒకరు చదివితే పదిమంది వినే రోజులవి. పత్రిక ప్రభావం దాని సర్కులేషన్ కన్నా చాలా పెద్దది. పోలింగుకు ముందు నెలల్లో తెలుగు రచయితలు, పాత్రికేయులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. ఆ చీలిక సాహిత్య రంగంలో ఏళ్ల తరబడి మానలేదు. పత్రికలు భయాన్ని పెంచాయి, సంకోచిస్తున్నవాళ్లను ఫ్రంటు వైపు నెట్టాయి. ఈ మేరకు రెండో వివరణ నిలుస్తుంది. కమ్యూనిస్టులకు ఓటేద్దామనుకున్నవాళ్లను ఆపాయని మాత్రం చెప్పలేం.

మూడోది కులం, భూమి. ఈ ఎన్నిక మీద బయటి పండితులు రాసినవాటిలో ఎక్కువగా ఉదహరించేది సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ పాత్రికేయుడు 1956లో రాసిన వ్యాసం. ఆయన వాదం ఇది: డెల్టాలో కమ్యూనిస్టు నాయకత్వం సంపన్న కమ్మ రైతు కుటుంబాల నుంచి వచ్చింది, కాంగ్రెస్‌లో రెడ్ల ఆధిపత్యం ఉంది, 1952లో కమ్మ ఓటు కమ్యూనిస్టులకు, రంగాకు మధ్య పంచుకుపోయింది, 1955లో రంగా కాంగ్రెస్ గూటికి చేరడంతో ఆ ఓటు పెద్ద భాగం అటు మళ్లింది. ఇందులో కాదనలేనిది ఉంది. భూపరిమితి, కౌలు చట్టాల మాట ఎత్తే పార్టీ నిజంగానే అధికారంలోకి వచ్చేటట్టు కనిపించినప్పుడు, నిర్బంధ కాలంలో దానికి అన్నం పెట్టిన రైతు ఇంటి పెద్ద వెనకడుగు వేయడం సహజం. 1952లో ఓటు నిరసన. 1955లో ఓటు ప్రభుత్వం. ఈ తేడా ఆస్తి ఉన్నవాడికి బాగా తెలుసు.

అయితే హారిసన్ వాదాన్ని కులానికి కుదించి చదివితే తప్పుదారి పడతాం. కమ్మ రైతు వెళ్లిపోతే ఓట్లు తగ్గాలి. తగ్గలేదు, పెరిగాయి. పోయినవాళ్ల కన్నా వచ్చినవాళ్లు ఎక్కువ. వచ్చినవాళ్లు ఎవరు? మాలమాదిగ పేటల పాలేర్లు, కౌలుదార్లు, చిన్న కమతాలవాళ్లు. ఆసామి ఎదుట నిలబడి ఓటు వేయడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. పని పోతుందన్న బెదిరింపు మధ్య, తెర చాటున కంకి కొడవలి పెట్టెను వెతుక్కున్న ఆ చేతులు మన ఎన్నికల చరిత్రలో దక్కాల్సిన గౌరవం పొందలేదు. 1952లో కన్నా కమ్యూనిస్టులు ఎక్కువ చోట్ల పోటీ చేశారన్నది కూడా ఓట్ల పెరుగుదలకు ఒక కారణం, దాన్ని మినహాయించాల్సిందే. మినహాయించాక కూడా మూడో వంతుకు దగ్గరగా వచ్చిన ఓటును తిరస్కారం అనడానికి వీల్లేదు.

నాలుగోది రాయలసీమ. రాజధాని వివాదం సీమలో పార్టీని దెబ్బతీసిందన్నది గట్టి వివరణ. కర్నూలు వద్దన్న పార్టీగా ముద్ర పడ్డాక ఆ జిల్లాల్లో ఓటు అడగడం కష్టమైంది. 1952 నాటి కరువులో గంజి కేంద్రాల దగ్గర చేసిన సేవకు దక్కిన అభిమానం ఈ ఒక్క విషయంలో కరిగింది. ప్రాంతీయ మనోభావాన్ని తర్కంతో తోసిపుచ్చితే ఏమవుతుందో తెలుగు రాజకీయాల్లో దొరికిన తొలి పాఠాల్లో ఇదొకటి. ఆ పాఠాన్ని తరువాతి పార్టీలు కూడా సరిగా నేర్చుకోలేదు.

ఐదోది పార్టీ సొంత పోకడ. విజయం ఖాయమన్న భరోసాతో మాట్లాడడం, మధ్యేవాదులను పోగొట్టుకోవడం, అవిశ్వాసంలో కలిసి వచ్చిన చిన్న పార్టీలను తమ వైపు నిలుపుకోలేకపోవడం ఇందులోకి వస్తాయి. నా దృష్టిలో మొదటి నాలుగు కారణాలకన్నా ఇది ఫలితానికి దగ్గర. 1952లో ప్రకాశంతో కలిసి ఫ్రంటు కట్టిన చొరవ 1954 నవంబరు తరువాత కనిపించలేదు. గీత కార్మికుల సమస్య మీద కృషికార్లతో కుదిరిన ఏకాభిప్రాయం ఒక్క రోజు ఓటింగుతోనే ముగిసింది. ఆ ఖాళీలోకే పాటిల్ వచ్చారు.

లెక్క ఏం చెబుతోంది

ఈ ఐదింటినీ కలిపి చూస్తే ఓటు ఎందుకు అటూ ఇటూ కదిలిందో తెలుస్తుంది. 31 శాతం ఓట్లకు 15 సీట్లు ఎందుకు వచ్చాయో మాత్రం ఇంకా తెలియదు. దానికి జవాబు లెక్కలో ఉంది.

ఊహకు ఒక నియోజకవర్గం తీసుకుందాం. 1952లో కమ్యూనిస్టుకు వందకు 35, కాంగ్రెస్‌కు 30, కృషికార్‌కు 20, మిగిలినవాళ్లకు 15 ఓట్లు వచ్చాయనుకుందాం. కమ్యూనిస్టు గెలిచాడు. 1955లో అదే కమ్యూనిస్టుకు 40 వచ్చాయి. ఎదురుగా ఫ్రంటు అభ్యర్థి ఒక్కడే, అతనికి 50. కమ్యూనిస్టు ఓడాడు. ఇక్కడ జనం అతన్ని తిరస్కరించలేదు, మరింత మంది ఆదరించారు. ఇలాంటి నియోజకవర్గాలు పదుల్లో ఉన్నాయి. రాష్ట్రమంతటా ఓటు సమంగా పరుచుకున్న రెండో స్థానం పార్టీకి ఈ పద్ధతిలో జరిగే అన్యాయమే ఇది. ఓట్లలో కమ్యూనిస్టుల దరిదాపుల్లోకి రాని ప్రజా సోషలిస్టులకు 13 సీట్లు వచ్చాయి. తమకు బలమున్న కొన్ని చోట్లే ఓట్లు పోగుపడడమే దానికి కారణం. సత్తెనపల్లిలో వావిలాల గోపాలకృష్ణయ్య వంటి స్వతంత్రులు సొంత పేరు మీద, చేసిన సేవ మీద నెగ్గారు. ఓట్లు ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ ఉన్నాయి, ఎదుట ఎంతమంది ఉన్నారు అన్నవే సీట్లను నిర్ణయించాయి. ఓట్ల దామాషాలో సీట్లు ఇస్తే కమ్యూనిస్టులకు 61 వచ్చేవి, కాంగ్రెస్‌కు 77.

ఈ మాట నిజమో కాదో తేల్చడానికి ఇంకో రాష్ట్రం ఉంది. 1957లో కేరళలో కమ్యూనిస్టు పార్టీకి వచ్చిన ఓట్లు సుమారు 35 శాతం. ప్రత్యర్థులు విడివిడిగా పోటీ చేశారు. 126 స్థానాల్లో పార్టీకి 60 వచ్చాయి. ఐదుగురు స్వతంత్రుల మద్దతుతో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ముఖ్యమంత్రి అయ్యారు. 1960లో అదే రాష్ట్రంలో కాంగ్రెస్, ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగ్ చేతులు కలిపాయి. కమ్యూనిస్టుల ఓటు 39 శాతానికి పెరిగింది. సీట్లు 29కి పడిపోయాయి. ఆంధ్రలో పరీక్షించిన సూత్రమే ఐదేళ్ల తరువాత కేరళలో అమలైంది.

మన దగ్గరే ఇంకో నిదర్శనం ఉంది. 1959లో రంగా మళ్లీ కాంగ్రెస్‌ను వదిలి స్వతంత్ర పార్టీకి వ్యవస్థాపక అధ్యక్షుడయ్యారు. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఒక పక్క, స్వతంత్ర పార్టీ ఇంకో పక్క. కమ్యూనిస్టుల ఓటు 20 శాతానికి లోపలే. సీట్లు 51. తెలంగాణ కూడా కలిసిన పెద్ద రాష్ట్రం కనుక 1955తో ఇంచుకు ఇంచు పోల్చలేం. అయినా ఓటు తగ్గి సీటు పెరగడం కళ్లెదుట కనిపిస్తూనే ఉంది. 1952, 1955, 1962 మూడింటిలోనూ రంగా ఎటు ఉన్నారన్నది కమ్యూనిస్టుల సీట్లకు కొలబద్దగా నిలిచింది.

ఎవరికి ఏం మిగిలింది

గెలిచిన కూటమికి ముఖ్యమంత్రిని ఎన్నుకోవడం తేలిక కాలేదు. సంజీవరెడ్డి వర్గం, ఇతర వర్గాల మధ్య రాజీగా బెజవాడ గోపాలరెడ్డి 1955 మార్చి 28న ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవరెడ్డి మళ్లీ ఉపముఖ్యమంత్రి. ప్రకాశం ప్రభుత్వంలోకి రాలేదు. రెండేళ్లకు, 1957 మేలో, కన్నుమూశారు. ఆయన పేరు మీద నడిచిన ప్రజా పార్టీ, రైతు పేరు మీద పుట్టిన కృషికార్ లోక్ పార్టీ రెండూ క్రమంగా కాంగ్రెస్‌లో కలిసిపోయాయి. ఎన్నికల ఫలితాన్ని శాసించిన చిన్న పార్టీలు ఆ ఎన్నిక తరువాత అంతరించాయి. రైతు ధరల గురించి, గీత కార్మికుల గురించి విడిగా వినిపించిన గొంతులు పెద్ద పార్టీ సద్దులో కలిసిపోయాయి.

ఆ సభ ఆయుష్షు కూడా మామూలుది కాదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో తెలంగాణలోని 105 స్థానాలకే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. అంటే ఒక్క ఫిబ్రవరి ఫలితం ఏడేళ్లు నడిచింది. రాష్ట్రావతరణ, పంచాయతీరాజ్, నాగార్జునసాగర్ పనులు, భూసంస్కరణల చర్చలు ఆ ఏడేళ్లలోనే సాగాయి. అంత కీలకమైన కాలంలో ఆంధ్ర ప్రాంతపు ఓటర్లలో మూడో వంతుకు చేరువైనవాళ్ల తరఫున మాట్లాడడానికి సభలో 15 మంది ఉన్నారు. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు ఆ కొద్దిమందితోనే సభలో ప్రతిపక్షం బాధ్యత మోశారు. సుందరయ్య సైకిలు, నిరాడంబరత గురించి కథలు చెప్పుకుంటాం. ఆయన వెనక ఉన్న 27 లక్షల ఓట్లను చెప్పుకోం.

తీర్పు

చదివిన వివరణలన్నీ తూచాక నాకు తేలింది ఇది. 1955లో ఆంధ్ర ఓటరు కమ్యూనిస్టులను తరిమేశాడన్న మాట నిజం కాదు. డబ్బు, పత్రికలు, విదేశీ సంపాదకీయం వాళ్లను ఓడించాయన్న మాట కూడా నిజంలో చిన్న భాగమే. వాళ్లను ఓడించింది చీలిన ప్రత్యర్థుల కలయిక. ఆ కలయికకు దారి ఇచ్చింది సాటి చిన్న పార్టీలను నిలుపుకోలేని వాళ్ల అశక్తత. 1952 గెలుపును సిద్ధాంత విజయంగా చూసినవాళ్లు ఎంత పొరబడ్డారో, 1955 ఓటమిని సిద్ధాంత పరాజయంగా చూసినవాళ్లూ అంతే పొరబడ్డారు.

ఈ విషయం పాత పార్టీల గొడవ మాత్రమే అయితే ఇంత వివరంగా రాయనక్కర్లేదు. ఇవాళ కూడా ఎన్నికల ఫలితం రాగానే సీట్ల అంకె పట్టుకుని ప్రజలు ఫలానా పార్టీని తుడిచిపెట్టారని, ఫలానా వాదాన్ని పాతిపెట్టారని రాసేస్తున్నాం. ఓట్ల శాతం మూడో పేజీలో చిన్న పట్టికగా మిగిలిపోతోంది. ఓడిన అభ్యర్థికి ఓటేసిన మనిషి కూడా పౌరుడే. అతని మాట సభలో వినిపించకపోవడం అతను లేడనడానికి సాక్ష్యం కాదు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు, పత్రికల్లో విశ్లేషణలు చేసేవాళ్లు 1955 గురించి రాసినప్పుడు 15 పక్కన 31.13 కూడా వేయాలి. ఏ ఎన్నిక గురించి రాసినా ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే ఉంచాలి. ఒకటి ఎవరు పాలిస్తారో చెబుతుంది. రెండోది ప్రజలు నిజంగా ఏమన్నారో చెబుతుంది.